టచ్ ఫోన్ కొన్నాను, చిన్న ఫోన్ వదల్లేదు

మాది హనుమకొండ జిల్లా, పరకాల వైపు పల్లె. సొంతానికి నాలుగెకరాల నల్లరేగడి ఉంది. దాని పక్కనే ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తాను. పత్తే మా పంట. వయసు యాభై దాటింది. ఇంటర్ దాకా చదివాను కాబట్టి మెసేజ్ చదువుకోవడానికి, నంబరు సేవ్ చేసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా 2025 పత్తి సీజన్ దాకా నా జేబులో ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోనే. ఊళ్లో నా ఈడువాళ్లు చాలామంది టచ్ ఫోన్లకు మారారు. "ఇంకా గా డబ్బానేనా?" అని నవ్వేవాళ్లు. నవ్వులకు మారేవాణ్నయితే ఎప్పుడో మారేవాణ్ని.

ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకునేవాళ్లు గానీ నా కారణాలు నాకుండేవి. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగైదు రోజులు దాని ఊసే ఉండదు. చేనులో కింద పడ్డా, మందు కొట్టేటప్పుడు తడిసినా బ్యాటరీ ఊడదీసి కాసేపు ఎండలో పెట్టి వేస్తే మళ్లీ మోగేది. మడిచి నడుముకు చెక్కుకున్న లుంగీలో పెట్టుకున్నా భయం లేదు. పత్తి ఏరేటప్పుడు గట్టు మీద పెడితే రేడియో పాడుతుండేది.

టార్చి గురించి వేరే చెప్పాలి. నా మొదటి ఫోన్ నోకియా 1100. ఆ మోడల్ 2003లో వచ్చింది. నేను కొన్నేళ్ల తర్వాత ఒకరు వాడిన దాన్ని కొన్నాను. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా ఇచ్చేవాళ్లు, అందులో ఒక విడత రాత్రిపూటే. అర్ధరాత్రి లేచి మోటారు పెట్టడానికి బావి దగ్గరికి పోవాలంటే దారంతా పాముల భయం. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఆ ఫోన్. మాలాంటివాళ్లం దాన్ని మాట్లాడడానికి ఎంత వాడామో, వెలుతురు కోసం అంతే వాడాం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ రాత్రి తిరుగుళ్లు తగ్గాయి. చీకటి పడితే బొటనవేలు టార్చి మీట మీదికి పోవడం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఖర్చు ఇంకో కారణం. 2024 జూలైలో రీచార్జి రేట్లు బాగా పెరిగాయి. డేటా అన్నదే వాడని నేను, డేటా కలిపిన ప్లాన్‌కు డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆ డిసెంబరులో టెలికాం కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్, మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు వేరేగా ఉండాలని కంపెనీలకు చెప్పింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469 రూపాయలు. అది వేయించుకున్న రోజు, ఇక టచ్ ఫోన్ ముచ్చట నా ఇంట్లో ఎవరూ ఎత్తరనుకున్నాను.

అయితే ఈలోగా నా పనులు ఒక్కొక్కటే ఇతరుల ఫోన్లలోకి పోతున్నాయి. పీఎం కిసాన్ కింద విడతకు 2 వేల చొప్పున ఏడాదికి మూడు విడతలు పడతాయి కదా, దానికి ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం, అడిగారు. వేలిముద్ర పెడితే మిషన్ తీసుకోలేదు. పత్తి ఏరే చేతులకు కాయ తొడిమెలు గుచ్చుకుని వేళ్ల కొసలు గీతలు పడి ఉంటాయి. మందు డబ్బాలు పట్టుకుని చర్మం మొద్దుబారుతుంది. సీజన్‌లో మా ఊళ్లో సగం మందికి వేలిముద్ర పడదు. అప్పుడు సెంటర్‌లో కుర్రాడు ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ పంపించాడు. చెప్పాను, పని అయింది. ఆ తర్వాత రేషన్ కార్డు, బ్యాంకు పని, గ్యాస్ ఏది వచ్చినా అదే తంతు. ఎవరో ఒకరి ఫోన్‌లో నా పని జరుగుతుంది, నా ఫోన్ టింగుమంటుంది, నేను ఆరంకెలు చదువుతాను.

ఆధార్ ఫొటో ఒకరు తీసుకున్నారు, పాసు పుస్తకం ఫొటో ఇంకొకరు. బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఎరువుల షాపులో ఒకసారి, తమ్ముడి కొడుకు ఫోన్‌లో ఒకసారి. లెక్క చూస్తే నా కాగితాల ఫొటోలు నా దగ్గర తప్ప ఊళ్లో అందరి దగ్గరా ఉన్నాయి. వాళ్లంతా మంచివాళ్లే, నాకు ఇప్పటిదాకా ఎవరూ నష్టం చేయలేదు. కానీ వాళ్లు ఆ ఫోన్ అమ్మేసినా, ఎక్కడో పోగొట్టుకున్నా నా కాగితాలు ఎవరి చేతిలో పడతాయో నాకు తెలియదు.

2025లో పత్తి అమ్మకం కూడా యాప్‌లోకి వచ్చింది. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి మద్దతు ధరకు అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌లో మన వివరాలు ఉండాలి, ఏ మిల్లుకు ఏ రోజు తెస్తామో అందులోనే స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర. 12 శాతం దాకా కోత పెట్టి తీసుకుంటారు, అది దాటితే తీసుకోరు. ఊళ్లోకొచ్చి కాంటా పెట్టే వ్యాపారి మాకు చెప్పిన రేటు దీనికంటే క్వింటాకు వెయ్యికి పైగా తక్కువ.

యాప్ పని తమ్ముడి కొడుకే చేసిపెట్టాడు. వాడు హనుమకొండలో పార్సిళ్లు ఇచ్చే ఉద్యోగం చేస్తాడు. నేను చేనులో ఉంటే ఫోన్ చేసేవాడు. "పెద్దబాపు, ఓటీపీ వచ్చిందా? జెల్ది చెప్పు, టైం అయిపోతది" అనేవాడు. నడుముకు పత్తి ఒడి కట్టుకుని, ఎండలో ఆ చిన్న తెర కళ్లకు దగ్గరగా పెట్టుకుని అంకెలు చదివేవాణ్ని. స్లాట్ దొరికింది. అంతవరకు బాగానే ఉంది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండల్లో ఎటు చూసినా నీళ్లే. చేనులో విచ్చిన పత్తి తడిసి ముద్దయింది. ఏరి ఇంట్లో పోసిన పత్తి కూడా చెమ్మ పట్టింది. గుప్పిట్లోకి తీసుకుని పిసికితేనే తెలుస్తుంది, మిషన్ పెట్టనక్కర్లేదు, 12 లోపు రాదని. ఆ స్లాట్ రోజుకు బండి కట్టుకుపోతే వెనక్కి తెచ్చుకోవాల్సిందే, ట్రాలీ కిరాయి రెండు వైపులా దండగ. స్లాట్ మార్చుకోవాలి. మార్చాల్సినవాడు నీళ్లలో చిక్కుకున్నాడు. వాడుండే కాలనీలో కరెంటు లేదు, ఫోన్ స్విచ్ఛాఫ్. నా ఫోన్‌లో మాత్రం మూడు గీతల చార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది. దాంతో నేను చేయగలిగింది వాడికి మళ్లీ మళ్లీ రింగ్ ఇవ్వడం ఒక్కటే.

అదే వానలో మా వాకిట్లో కూర్చుని మొదటిసారి ఈ విషయం తీరికగా ఆలోచించాను. ఫోన్‌లో సినిమాలు చూడాలా, ఫొటోలు పెట్టాలా అన్నది నాకు ఎప్పుడూ లెక్కలో లేదు. మా బిడ్డ వీడియో కాల్ కోసం ఎన్నోసార్లు అడిగినా "పక్కింట్లోకి చెయ్యి, మాట్లాడతా" అనేవాణ్ని. నాకు కావాల్సింది చిన్నది. నా నంబరుకు వచ్చిన ఓటీపీ నేనే కొట్టుకోవాలి. ఎవరికీ చదివి వినిపించకూడదు.

ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆమె భయానికి కారణం ఉంది. మా మండలంలోనే ఒకాయనకు వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ పేరుతో ఒక ఫైలు వచ్చింది. చివర ఏపీకే అని ఉంటుంది. అంటే అది ఫొటోనో కాగితమో కాదు, నొక్కితే ఫోన్‌లో దిగే యాప్. ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా బయటి నుంచి దిగేది. ఆయన నొక్కాడు, అది ఏవో అనుమతులు అడిగితే అన్నిటికీ సరే అన్నాడు. ఆ అనుమతుల్లో మెసేజ్‌లు చదవడం ఒకటి. ఇక బ్యాంకు నుంచి ఓటీపీ వచ్చినా ఆయన కంటే ముందు వాళ్లే చూస్తారు. ఖాతాలో ఉన్నదంతా పోయింది. పాపం ఆయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని తెలుసుకునేసరికే రెండు రోజులు గడిచాయి.

"నీ చిన్న ఫోన్‌ల ఎవడేం జేస్తడు? అండ్ల దొంగ సొచ్చేతందుకు సందే లేదు" అంది ఆవిడ.

ఆమె ఆ మాట వాదనగా అంది గానీ, నాకు తోవ అందులోనే దొరికింది. దొంగ చొరబడలేని ఫోన్‌లో బ్యాంకు నంబరు ఉంచితే సరి. టచ్ ఫోన్ వేరే సిమ్‌తో పక్కన ఉంటుంది. ఓటీపీ ఎక్కడికి రావాలో అక్కడికే వస్తుంది, చూసి దీంట్లో నేను కొడతాను. రెండు ఫోన్లు మోయడం తలనొప్పే. కానీ ఒకదాన్ని ఇంట్లోనే పెట్టొచ్చు కదా.

కొనేముందు వేరే దారులు కూడా చూశాను. మొదటిది 4జీ కీప్యాడ్ ఫోన్. జియోభారత్ లాంటివి 2023లో 999 రూపాయలకే వచ్చాయి. మీటలే ఉంటాయి, డబ్బులు పంపొచ్చు, చెల్లించొచ్చు. చేతికి హాయిగా ఉంది. కానీ నాకు కావాల్సిన పత్తి యాప్ అందులో ఎక్కదు, వచ్చిన తిప్పలు దానికోసమే కదా. పైగా మా ఊళ్లో పాత జియోఫోన్ వాళ్ల సంగతి కళ్లారా చూశాను. 2018లో దాంట్లోకి వాట్సాప్ వచ్చింది, అందరూ సంబరపడ్డారు. 2025 మొదట్లో ఆగిపోయింది. ఫోన్ బాగానే ఉంది, అందులోని సౌకర్యం పోయింది. సగం సగం ఫోన్ల మీద డబ్బు పెట్టకూడదనిపించింది. మాటలకూ డబ్బు పంపడానికీ మాత్రమే కావాలనుకునేవాళ్లకు మాత్రం అది మంచిదే, ఆ ధరకు వంక పెట్టలేం.

రెండో దారి ఇంట్లోనే ఉంది. బతుకమ్మకు వచ్చినప్పుడు బిడ్డ తన పాత టచ్ ఫోన్ ఇచ్చి పోయింది, "వాడి చూడు బాపు, నచ్చకపోతే పక్కన పెట్టు" అని. అల్మారాలో అలాగే ఉంది. వానలు తగ్గాక తీశాను. ఆ ఫోన్‌తో కుస్తీ పట్టిన రోజులు నాకు చాలా పనికొచ్చాయి. మొట్టమొదట తెలిసింది, తెర నా వేళ్లను గుర్తుపట్టదని. చేను నుంచి వచ్చి వెంటనే పట్టుకుంటే ఎంత నొక్కినా కదలదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, చూపుడువేలు పక్క భాగంతో నెమ్మదిగా తాకితే కదులుతుంది. గట్టిగా నొక్కడం మీటల ఫోన్ అలవాటు. దీనికి గట్టిగా నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది. వేలిముద్ర తాళం నాకు పనిచేయలేదు, అంకెల తాళమే పెట్టుకున్నాను.

రెండోది మైకు బొమ్మ. తెలుగులో టైపు చేయడం నా వల్ల కాదనుకున్నాను. కీబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. మా మాట యాస కొన్నిచోట్ల దానికి అర్థం కాదు. "పత్తి ఏరుడు" అంటే ఇంకేదో రాస్తుంది. కాస్త పుస్తకం భాషలో మాట్లాడితే బాగానే రాస్తుంది. ఇది కూడా చాలావరకు అలా మాట్లాడి, తర్వాత దిద్దుకున్నదే.

ఆ పాత ఫోన్‌తోనే సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ బ్యాటరీ మధ్యాహ్నానికి అయిపోయేది, వెనక మూత కొంచెం ఉబ్బినట్టుంది. మెమరీ నిండిపోయి కొత్త యాప్ దించాలంటే ఏదో ఒకటి తీసేయమనేది. ఆండ్రాయిడ్ కూడా పాతది, భద్రత అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయాయని అల్లుడు చూసి చెప్పాడు. దొంగల భయంతోనే ఇంత ఆలోచిస్తున్నవాణ్ని, తలుపు గొళ్లెం ఊడిన ఇంట్లో కాపురం పెట్టడం ఎందుకనిపించింది.

పరకాలలో షాపులు తిరిగాను. ఒకాయన వాడిన ఫోన్ చూపించాడు, రేటు బాగుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇక్కడొక మాట. ఆ ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ అనే 15 అంకెల నంబరు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి, బ్లాక్ చేసిందైతే తెలిసిపోతుంది. ఇది చిన్న ఫోన్ నుంచే చేయొచ్చు. నేను జేబులోంచి నా డబ్బా తీసి మెసేజ్ కొడుతుంటే షాపాయన ముఖం చూడాలి. ఆ ఫోన్‌లో దోషమేమీ రాలేదు, కానీ బిల్లు లేదన్నాడు. వద్దన్నాను.

కొత్త ఫోన్లకు అందరూ ఈఎంఐ అంటారు. "ఇప్పుడేం కట్టకు అన్నా, నెలనెలా కట్టు" అంటారు. ఒక షాపులో కాగితాలన్నీ నింపబోయి, ఫోన్‌లో ముందుగానే ఒక యాప్ వేస్తామన్నారు. ఎందుకంటే, కిస్తీ తప్పితే ఫోన్ లాక్ చేయడానికట. నెలనెలా జీతం వచ్చేవాడికి అది ఫరవాలేదు. మాకు డబ్బు వచ్చేది పత్తి అమ్మినప్పుడు, అదీ ఏ నెలలో వస్తుందో వాన చెప్పాలి. కిస్తీ తప్పడం ఖాయం. అప్పుడు సరిగ్గా స్లాట్ బుక్ చేసే రోజే ఫోన్ లాక్ పడితే? నగదుకే కొందామనుకున్నాను.

ఇక లెక్క. నా పాత రీచార్జి 84 రోజులకు 469, అది చిన్న ఫోన్‌కు ఎలాగూ ఉంటుంది. టచ్ ఫోన్‌లో వేసే కొత్త సిమ్‌కు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వచ్చే ప్లాన్ అప్పుడు అదే 84 రోజులకు 859.  ఏడాదికి వేసుకుంటే 3,700 పైన అవుతుంది. ఫోన్ పది వేల లోపు. నాలుగేళ్లు నడిచినా ఏడాదికి రెండున్నర వేలు. రెండూ కలిపి ఏడాదికి ఆరు వేల పైచిలుకు ఖర్చు. అటువైపు, స్లాట్ చేజారి 20 క్వింటాళ్లు ఊళ్లో వ్యాపారికి పోస్తే, క్వింటాకు వెయ్యి తేడా వేసుకున్నా 20 వేలు. ఈ లెక్క కాగితం మీద వేసి మా ఆవిడకు చూపించాను. "లెక్క మంచిగనే ఉన్నది. బ్యాంకు సిమ్ము మాత్రం దాంట్లె వెయ్యొద్దు" అంది. నేనూ అదే అనుకున్నాను కాబట్టి వాదన లేదు.

సగం డబ్బు బిడ్డ వేసింది, సగం నేను. తీసుకునేటప్పుడు నేను అడిగిన మొదటి సంగతి, ఎండలో తెర కనిపిస్తుందా అని. షాపు బయటికి తెచ్చి మిట్ట మధ్యాహ్నం ఎండలో పట్టుకుని చూశాను. లోపల ట్యూబ్‌లైట్ కింద అన్నీ మెరుస్తాయి, బయటికొస్తే కొన్ని అద్దంలా మన ముఖమే చూపిస్తాయి. మెమరీ 128 జీబీ ఉండాలని, బ్యాటరీ 5000 ఉండాలని, అప్‌డేట్లు ఇంకా కొన్నేళ్లు వచ్చేది కావాలని అల్లుడు చెప్పి పంపాడు. కెమెరా గురించి షాపు కుర్రాడు చాలాసేపు చెప్పాడు. ఆకు మీద పురుగు కనిపిస్తే చాలు నాయనా అన్నాను. గ్లాసు, పౌచ్ వేయించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక అల్లుడు ఆదివారం వచ్చి కూర్చుని అన్నీ సర్దాడు. భాష తెలుగు, అక్షరాలు పెద్దవి. తెలియని చోటు నుంచి యాప్ దించుకునే అనుమతి అన్నిటికీ ఆపేశాడు. వాట్సాప్‌లో ఫైళ్లు వాటంతటవి దిగకుండా, ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా పెట్టాడు. వాట్సాప్ నా పాత నంబరుతోనే తెరిచాం. కోడ్ చిన్న ఫోన్‌కు వచ్చింది, చూసి దీంట్లో కొట్టాను. పత్తి యాప్ కూడా అంతే. ఆ పని అయ్యాక నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే నవ్వుతారు. ఈ చేతిలో ఉన్న ఫోన్ చూసి ఆ చేతిలో ఉన్న ఫోన్‌లో కొట్టాను, అంతే కదా. కానీ ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పకుండా వాడిన మొదటి ఓటీపీ అదే.

ఒక్క పని ఇలా కుదరదు. యూపీఐ. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి తెరవాలంటే బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, ఆ ఫోన్ నుంచే మెసేజ్ పోవాలి. కోడ్ చూసి ఇంకో ఫోన్‌లో కొడతానంటే ఒప్పుకోదు. అది మంచికే అలా పెట్టారు. కానీ నాకు పత్తి డబ్బులు పడే ఖాతాను ఈ ఫోన్‌లో ఉంచడం ఇష్టం లేదు. అందుకని కొత్త సిమ్ నంబరుతో పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకులో వేరే ఖాతా తెరిచాను. పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి తెరిచాడు. వేలిముద్ర పడడానికి మాత్రం నిమ్మకాయతో చేతులు రుద్దుకోవాల్సి వచ్చింది. అందులో చిల్లర ఖర్చులకు సరిపడా వేసుకుంటాను. టీ కొట్టు, కిరాణా, బండి పెట్రోలు దాంతోనే. ఎవడైనా దోచుకున్నా రెండు మూడు వేలకు మించి పోదు.

నవంబరులో ఎండలు కాసి పత్తి ఆరాక స్లాట్ నేనే పెట్టుకున్నాను. మిల్లు పేరు, తేదీ ఎంచుకుని నొక్కాను. తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి చెబితే "అరె పెద్దబాపు, నా నౌకరి పోగొట్టినవ్" అని నవ్వాడు. మిల్లు దగ్గర మిషన్ పెట్టి చూస్తే తేమ 10 దాటింది, ఆ మేరకు కోత పడింది. కాంటా, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ, అన్నీ మామూలే. డబ్బు పడ్డ మెసేజ్ చిన్న ఫోన్‌కు వచ్చింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. రోజూ చార్జింగ్ పెట్టడం నాకింకా అలవాటు కాలేదు. చేనుకు పోయేటప్పుడు టచ్ ఫోన్ ఇంట్లోనే ఉంటుంది, జేబులో చిన్నదే. కాబట్టి పగలంతా అది మా ఆవిడ చేతిలో. వద్దన్న మనిషే ఇప్పుడు వంటల వీడియోలు, గుడి వీడియోలు చూస్తుంది. ఒక్కోసారి సాయంత్రానికి డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది. నేను మాత్రం రాత్రి భోజనమయ్యాక వాతావరణం చూస్తాను, మా వ్యవసాయ విస్తరణ అధికారి, ఏఈవో మేడం గ్రూపులో పెట్టినవి వింటాను. ‘దామిని’ అని పిడుగుల హెచ్చరిక యాప్ ఒకటి ఉంది, వానాకాలంలో చేనుల్లో పనిచేసేవాళ్ల ఇంట్లో ఒకరి ఫోన్‌లోనైనా అది ఉండాలని నా అభిప్రాయం. ఇంట్లోవాళ్లు చూసి చేనులో ఉన్నవాళ్లకు చిన్న ఫోన్‌కు రింగ్ ఇస్తే చాలు.

నన్ను చూసి మా పక్కింటి పెద్దాయన కూడా కొంటానన్నాడు. ఆయనకు డెబ్బై దాటింది, చూపు సరిగా లేదు, భూమి కొడుకుల పేరు మీద ఉంది. వద్దని చెప్పాను. ఆయనకు కావాల్సింది పింఛను పడిందో లేదో తెలుసుకోవడం, అప్పుడప్పుడు మనవడికి డబ్బులు పంపడం. చిన్న ఫోన్‌లోనే *99# కొడితే బ్యాలెన్స్ చూసుకోవచ్చు, 5 వేల దాకా పంపొచ్చు, తెలుగులో కూడా ఉంది. నెట్ అక్కర్లేదు. కూర్చోబెట్టి చూపించాను. పిన్ అంకెలు మాత్రం కాగితం మీద రాసి ఫోన్ వెనక పెట్టుకోకు అన్నాను. ఆయన అప్పటికే పెట్టుకున్నాడు, తీయించాను.

ఇంత చేసినా కౌలు రెండెకరాల సంగతి అలాగే ఉంది. ఆ భూమి పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటారు. పంట నమోదులో పేరు ఆయనదే, నంబరూ ఆయనదే. ఆ పత్తికి స్లాట్ కావాలంటే ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది. ఆయన ఆఫీసులో మీటింగ్‌లో ఉంటే నేను టచ్ ఫోన్ పట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. మొన్నటి సీజన్‌లో ఆ పత్తి కొంత ఊళ్లో వ్యాపారికే పోశాను. వచ్చే వానాకాలానికి పంట నమోదు చేసేటప్పుడే నా నంబరు రాయించడానికి ఆయన ఒప్పుకుంటారేమో అడగాలి. ఉగాదికి ఊరికొస్తానన్నారు.